రోటరీ బిగించబోతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

కలప చెక్కే కంప్యూటర్ మెషీన్, అదే రౌటర్ మీద, కలపని పట్టి తిప్పే రోటరీ ఇండెక్సర్ బిగించి కుర్చీ కాళ్లు నువ్వే చెక్కబోతున్నావని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. పొద్దంతా ఒకటే సంతోషం. రాత్రి పడుకుంటే టెన్షన్ మొదలైంది, లేచి ఇది రాస్తున్నాను.

మిగతాది చదవకపోయినా ఈ మాట విను. సెంటర్ (కలప తిరిగే నడిమి గీత) చూసేటప్పుడు స్పిండిల్ (చెక్కే బిట్‌ని తిప్పే మోటారు) ఆపితే చాలదు, దాని కరెంటే తీసెయ్. వేళ్లు బిట్ పక్కనే ఉంటాయి. అసలు బిట్ వద్దు, నున్నటి 6 మిల్లీమీటర్ల పిన్ను బిగించు. ఈ విషయంలో నీ తొందర నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

చక్‌కీ (పట్టి తిప్పే దవడలు) టెయిల్‌స్టాక్‌కీ (అవతలి కొసని ఆనించే మొన) మధ్య గ్రౌండ్ రాడ్ (సమంగా సానబట్టిన కడ్డీ) పెట్టి, డయల్ గేజ్‌ని (చిన్న తేడాకీ ముల్లు కదిలే కొలత పరికరం) పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి పొడవునా నడిపించు. ముల్లు కదలకుండా అయ్యే వరకూ ఇండెక్సర్‌ని సర్దు. టెయిల్‌స్టాక్ మరీ బిగిస్తే రాడ్ వంగుతుంది.

తర్వాత వై, అంటే రాడ్‌కి అడ్డంగా జరిగే దిశ. పిన్నుని రాడ్‌కి ఇటు తాకించు, అటు తాకించు, రెండు అంకెలూ కలిపి సగం చెయ్. అందరూ చెప్పేది ఇంతే. నేనూ ఇంతే చేసి దెబ్బ తిన్నాను.

అప్పుడు నాకు బల్ల కాళ్ల పని వచ్చింది. నాలుగు ముఖాలకీ ఒకే తీగ డిజైను. సెంటర్ ఎంతో జాగ్రత్తగా పట్టాననుకున్నాను. మొదటి కాలు విప్పి చూస్తే, ఎదురెదురు ముఖాల మీద తీగలు ఒకదానికొకటి తప్పాయి, అర మిల్లీమీటరు పైనే. ఇండెక్సర్‌ని బోల్టులు బిగించింది నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. సరిగ్గా బిగించలేదని వాణ్ణి అందరి ముందూ తిట్టాను. వాడు నోరెత్తలేదు. మొత్తం విప్పించి, మళ్లీ బిగించి, ఇంకో కాలు చెక్కాను. అదే తేడా. మూడు రోజులు, నాలుగు కాళ్ల కలప పోయాయి. చివరికి వాడే చక్‌ని చేత్తో తిప్పుతూ "రాడ్ ఊగుతోంది సార్" అన్నాడు.

త్రీ-జా (మూడు దవడల) చక్ ఏ రాడ్‌నీ కచ్చితంగా నడిమధ్యన పట్టుకోదు. నేను పట్టింది రాడ్ సెంటర్. మనకి కావలసింది చక్ తిరిగే గీత. నా లెక్క తప్పలేదు, కొలిచిన వస్తువే తప్పు. వాడికి క్షమాపణ చెప్పడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఇప్పటికీ అదే బాధ.

కాబట్టి ఒకసారి కొలిచి ఆగకు. ఎ (చక్ తిరిగే కోణం) సున్నా దగ్గర, 25 మిల్లీమీటర్ల రాడ్‌కి, వై అంకెలు 141.50, 172.50 వచ్చాయనుకో. సగం 157.00. ఇప్పుడు చక్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తాకించు. 140.90, 171.90 వస్తే సగం 156.40. ఈ రెండు సగాలకీ నడుమ 156.70, అదీ నీ సెంటర్. మొదటి అంకెనే నమ్మితే 0.30 తప్పు, ఎదురెదురు ముఖాల మీద అది 0.60 అవుతుంది.

జెడ్, అంటే ఎత్తు, ఆ తర్వాతే. వై కుదరకుండా పైనుంచి తాకిస్తే రాడ్ శిఖరం తగలదు, పక్క వాలు తగులుతుంది. ఇక్కడా 180 తిప్పి రెండు రీడింగుల సగటు తీసుకో, అందులోంచి రాడ్ మందంలో సగం, 12.5 తియ్యి. కాగితం వాడితే దాని మందం కూడా తియ్యి. జీరో అక్కడే పెట్టు. కలప పైముఖం మీద మాత్రం పెట్టకు తల్లీ. గుండ్రంగా చెక్కాక ఆ ముఖమే ఉండదు, బిట్ మార్చాక దేనికి తాకిస్తావు? మెషీన్ జీరోలు గుర్తుంచుకునే చోట్లు జి54, జి55 ఉంటాయి కదా, ఈ సెంటర్‌ని జి55లో దాచుకో, జి54ని మామూలు బెడ్ పనికి వదిలెయ్.

పనికిరాని ముక్క మీద జెడ్ 15 దగ్గర ఒక చదును చెక్కి, 180 తిప్పి ఇంకోటి చెక్కు. కాలిపర్‌లో మందం 30 రావాలి. 30.2 వస్తే నీ జీరో 0.1 ఎత్తులో ఉన్నట్టు, అంత దించు.

జుట్టు ముడేసుకో. రెండు రీడింగులూ కాగితం మీద రాసి ఫోటో పంపు, నేనూ లెక్క వేసి చూస్తాను. ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మీ బాబాయి