అనలిటిక్స్ రిపోర్టులో యూజర్ల ఈమెయిళ్లు ఎందుకు కనిపిస్తున్నాయి?

ఫారమ్‌లో ఏదీ ట్రాక్ చేయట్లేదు, అయినా రిపోర్టులో ఈమెయిళ్లు వస్తున్నాయంటే తప్పు ఫారమ్‌ది కాదు, బహుశా పాస్‌వర్డ్ రీసెట్ లింక్‌ది. లింక్‌లో ప్రశ్న గుర్తు తర్వాత ఈమెయిల్, టోకెన్ (ఆ రీసెట్ కోసమే ఇచ్చే రహస్య కోడ్) పెట్టి ఉంటారు. అనలిటిక్స్ స్క్రిప్టు (సైట్ వాడకాన్ని కొలిచే కోడ్) పేజీ అడ్రస్‌ను ఉన్నదున్నట్టు పంపేస్తుంది.

1. లింక్‌లోంచి ఈమెయిల్ తీసేయండి. యూజర్ ఎవరో టోకెన్‌ను బట్టి సర్వరే తెలుసుకుంటుంది.

2. రీసెట్ పేజీలో అనలిటిక్స్ స్క్రిప్టే వద్దు. అక్కడ కొలిచేది ఏముంది అసలు?

3. ఆ పేజీకి రిఫరర్-పాలసీ హెడర్‌ను నో-రిఫరర్ (no-referrer) అని పెట్టండి. అప్పుడు అక్కడి నుంచి వేరే సైట్లకు వెళ్లే రిక్వెస్టులకు బ్రౌజర్ ఆ పేజీ అడ్రస్‌ను జతచేయదు.

4. చాలామంది వదిలేసేది ఇదే: కోడ్ మార్చినంత మాత్రాన పాత డేటా పోదు. అనలిటిక్స్‌లో చేరిన పాత అడ్రస్‌లు, సర్వర్ యాక్సెస్ లాగ్‌లు, ఎర్రర్ రిపోర్టులు, వాటి బ్యాకప్‌లు అన్నీ వెతికి తుడిచేయాలి. ఇంకా వాడని టోకెన్లుంటే ముందు వాటిని రద్దు చేయండి. లేకపోతే లాగ్ చూడగలిగే ఎవరైనా ఆ లింక్‌తో పాస్‌వర్డ్ మార్చేయగలరు.

సరిచూసుకోవడానికి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, కొత్త రీసెట్ లింక్ నొక్కండి. బయటి డొమైన్లకు వెళ్లే రిక్వెస్టుల్లో మీ ఈమెయిల్ కోసం వెతకండి. @ గుర్తు %40గా మారి ఉండొచ్చు, అలా కూడా చూడండి.