జూడో నుంచి బ్రిటన్ రెజ్లింగ్‌లోకి వెళ్ళినవాళ్ళు నిజంగా అంత గొప్పవాళ్ళా?

రెజ్లింగ్ అంతా నాటకమే కదా, అందులో జూడో బ్లాక్ బెల్టులకి పనేమిటని అడిగారు. ఎవరు గెలవాలో ముందే అనుకునేవారన్నది నిజమే. కానీ వంద కిలోల మనిషిని ఎత్తి కుదేస్తే వీపుకి తగిలే దెబ్బ నాటకం కాదుగా. జూడోవాళ్ళ పనితనం నాకు తెలిసొచ్చింది అక్కడే. పడేయడంలో కంటే పడడంలో.

డబ్బైల్లో డాక్టరుగా ఇంగ్లండ్ వెళ్ళి బర్మింగ్‌హామ్ దగ్గర్లో పనిచేశాను. శనివారం సాయంత్రం నాలుగింటికి ఐటీవీ అనే బ్రిటిష్ టీవీ చానెల్లో వరల్డ్ ఆఫ్ స్పోర్ట్ కార్యక్రమంలో రెజ్లింగ్ వచ్చేది. డ్యూటీ లేనివాళ్ళమంతా మెస్‌లో టీవీ ముందు చేరేవాళ్ళం. కెంట్ వాల్టన్ కామెంటరీ. బిగ్ డాడీ అనే భారీ రెజ్లర్ పొట్టతో గుద్దితే జనం ఊగిపోయేవారు గానీ, నాకెందుకో ఆయన ఆట ఎక్కేది కాదు.

నేను ఎదురుచూసేది పాట్ రోచ్ కోసం. బర్మింగ్‌హామ్ మనిషే. ఆరడుగుల మీద ఇంకో నాలుగైదంగుళాలు. ఇండియానా జోన్స్ మొదటి సినిమాలో విమానం ప్రొపెల్లర్‌కి బలయ్యే జర్మన్ మెకానిక్ ఈయనే. 1960లో జాతీయ జూడో చాంపియన్. అప్పటికింకా ఒలింపిక్స్‌లో జూడో లేదు, 1964లో టోక్యోలో గానీ రాలేదు. జూడోలో ఎంత గెలిచినా పొయ్యిలో పిల్లి లేవదు. మరి అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు రింగ్ ఎక్కక ఏం చేస్తాడు?

ఆయన్ని వుల్వర్‌హాంప్టన్ సివిక్ హాల్లో దగ్గర్నుంచి చూశాను. అవతలివాడు పడేస్తే గాల్లో ఉండగానే గడ్డం ఛాతీకి ఆనించేసేవాడు. వీపూ చెయ్యీ ఒకేసారి కిందకి వచ్చేవి. చాచిన చెయ్యి అరచేతి నుంచి మోచేతి దాకా రింగ్ నేల మీద పరిచిన కాన్వాస్ గుడ్డ మీద ఫట్‌మనేది. తల మాత్రం తగిలేది కాదు. జూడోలో మొట్టమొదట నేర్పేది ఇదేనట, దెబ్బని వెన్ను ఒక్కటే మొయ్యకుండా చేతికీ పంచడం. ఆ చప్పుడుకి ముందు వరసలో ముసలమ్మలు కెవ్వుమనేవారు. డాక్టర్ని కాబట్టి మొదటిసారి నాకూ గుండె గుభేలుమంది. ఆయన దులుపుకుని లేచాడు. ఒకే చప్పుడుతో అటు వెన్నూ దక్కేది, ఇటు టికెట్ కొన్నవాడికి డబ్బులూ గిట్టేవి.

పడేయడం మాత్రం వాళ్ళు కొత్తగా దిద్దుకోవాల్సిందే. జూడోలో పట్టంతా ఎదుటివాడి కోటు మీద, కాలరూ చేతులూ దొరకబుచ్చుకుని తిప్పేస్తారు. రింగ్‌లో ఒంటి మీద చెడ్డీ తప్ప గుడ్డ ఉండదు, పైగా చెమట. అందుకని మెడో, మణికట్టో, చంక కిందో దొరకబట్టాలి. జూడోలో వీపు మీద శుభ్రంగా పడేస్తే ఆట అక్కడితో సరి. ఇక్కడ రెండు భుజాలూ ఆనించి మూడు లెక్కపెట్టించాలి, మామూలు బౌట్‌లో, అంటే పోటీలో, అదీ రెండుసార్లు.

జూడో నుంచి వచ్చినవాళ్ళలో ఇంకొకరు క్రిస్ ఆడమ్స్. 1978లో రెజ్లింగ్‌లోకి వచ్చాడు. ఇతని తమ్ముడు నీల్ ఆడమ్స్ జూడోలోనే ఉండిపోయి 1981లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 1980లో, 1984లో ఒలింపిక్ వెండి పతకాలు గెలిచాడు. అన్న 1983లో డాలస్ వెళ్ళి అక్కడ స్టార్ అయ్యాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ కార్డులతో పెరిగిన మీ తరానికి ఒక్క ముక్క చాలు: అక్కడి పెద్ద స్టార్ స్టీవ్ ఆస్టిన్‌కి రెజ్లింగ్ నేర్పింది ఇతనే. 2001లో టెక్సస్‌లో తుపాకీ గుండుకి పోయాడు పాపం.

జూడో నుంచి వచ్చిన మరో రెజ్లర్ జూడో అల్ హేస్ నాకంటే ముందు కాలం వాడు, నేను చూసిందల్లా తర్వాతి అవతారమే. అమెరికా టీవీలో లార్డ్ ఆల్ఫ్రెడ్ హేస్ పేరుతో కామెంటరీ చెప్పేవాడు. ఆ లార్డ్ బిరుదు రాణిగారిచ్చింది కాదు లెండి!

యూట్యూబ్‌లో ఆనాటి బౌట్లు దొరుకుతాయి. రోచ్‌దో, ఆడమ్స్‌దో ఒకటి పెట్టుకుని, ఎవరు గెలిచారన్నది వదిలేసి, కింద పడేటప్పుడు ఆ చెయ్యి ఎటు పోతోందో చూడండి.