సీసాలో పెట్టకండి, పిల్లల్నే గూడు దగ్గరికి తీసుకెళ్ళండి

మూడో తరగతి పిల్లలు సాలెపురుగు కనిపిస్తే కేకలు పెడుతున్నారు, ఒకదాన్ని సీసాలో పెట్టి క్లాసులో చూపించవచ్చా అని తోటి టీచర్ ఒకరు అడిగారు. వద్దండీ. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. శుక్రవారం పెట్టిన సాలీడు సోమవారానికి కాళ్ళు ముడుచుకుని చచ్చిపోయింది. దాన్ని చూసిన పిల్లల మొహాలు నాకింకా గుర్తే.

అప్పట్నుంచీ ఉన్నచోటే చూపిస్తున్నాను. మాది విశాఖలో సింహాచలం కొండ కింద బడి. వానలు పడ్డాక ఆవరణలో గన్నేరు చెట్ల మధ్య పెద్ద పెద్ద గూళ్ళు కనిపిస్తాయి. గూడు నడుమ తెల్లటి దారంతో ఇంటూ గుర్తులా అల్లుకుని, దాని మీద తలకిందులుగా ఉండే రకం ఒకటుంది. పొట్ట మీద పసుపు చారలు. సిగ్నేచర్ స్పైడర్ అంటారు. ఐదారుగురిని చొప్పున రెండడుగుల దూరంలో నిలబెట్టి, ఏమీ చెప్పకుండా బొమ్మ వేయమన్నాను. సగం మంది నాలుగు కాళ్ళే వేశారు. "టీచర్, పుస్తకంలో ఎనిమిదని ఉంది, దీనికి నాలుగే" అంది ఒకమ్మాయి. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి, రెండేసి కాళ్ళు జతగా చాపుకుంటుంది. నేను దిద్దలేదు. మూడో రోజు గూట్లో ఈగ పడింది. జతలు విడిపోయాయి. ఒక్క ఉదుటున ఈగ మీదకెళ్ళి, వెనక కాళ్ళతో దారం లాగుతూ దాన్ని పొట్లం కట్టేసింది. "ఎనిమిది! ఎనిమిది!" అని అరిచింది కూడా ఆ పిల్లే.

గూటి అంచున ఇంకో చిన్నది కనిపిస్తే పిల్లలు "దాని బిడ్డ" అంటారు. అది మగది. ఈ రకంలో మగవి అంత చిన్నవి. ఆ ఇంటూ గుర్తు ఎందుకని అడిగితే మాత్రం నిజమే చెప్పండి, శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదకి రాలేదని. మా వాళ్ళు వారం రోజులు దాని మీదే వాదించుకున్నారు.

సాలెపురుగు పేరులోనే పురుగు ఉంది కాబట్టి పిల్లలు దాన్ని చీమ, ఈగ జట్టులో కలిపేస్తారు. పక్కన చీమ బొమ్మ కూడా వేయించండి. చీమకు ఆరు కాళ్ళు, ఒంట్లో మూడు భాగాలు, మీసాలు. సాలీడుకు రెండే భాగాలు, మీసాల్లేవు.

భయం సంగతి. శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలెపురుగేనని ముందు చెప్పండి, సగం మంది అక్కడే దగ్గరికొస్తారు. సాలీడు పాకితే పొక్కులొస్తాయని ఇళ్ళల్లో అంటారు కదా, వానాకాలంలో లైట్ల దగ్గరికొచ్చే సన్నటి ఎరుపు నలుపు పురుగు చేసే పనిని చాలాసార్లు దీని మీద వేస్తారు. చర్మం మీద నలిపితే ఆ పురుగు ఒంట్లో ద్రవమే కాలుస్తుంది. ఇది తల్లిదండ్రుల మీటింగులో కూడా చెప్పాను. చేత్తో ముట్టుకోకూడదన్న నియమం మాత్రం సాలీళ్ళన్నిటికీ ఉంచండి.

చెట్లు లేకపోతే కిటికీ చాలు. గూడు కట్టకుండా గెంతుతూ వేటాడే చిన్న సాలీళ్ళుంటాయి. పెన్సిల్ మెల్లగా కదిలిస్తే మొహం ఇటు తిప్పి చూస్తాయి, ముందున్న రెండు పెద్ద కళ్ళు భూతద్దంలో చక్కగా కనిపిస్తాయి.

ఒక్కటి మర్చిపోకండి, బూజు దులిపే ఆయమ్మకు ముందే చెప్పాలి. మా గదిలో కిటికీ మూల చుట్టూ పిల్లలు సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీత లోపలికి బూజుకర్ర రాదు.