ముప్పై తర్వాత బాక్సర్ బతుకు ఇరవై ఐదు లోపే తేలిపోతుంది

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. తిరుపతిలో బీకాం రెండో సంవత్సరం. నాలుగేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు, 55 కిలోల విభాగంలో రాష్ట్ర స్థాయి కాంస్యం వచ్చింది. ఎత్తు 165 సెంటీమీటర్లు. ఇప్పుడు చదువు ఆపేసి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి పోతానంటున్నాడు. బెంగళూరు నుంచి ఒక ప్రమోటర్ మూడేళ్ల ఒప్పందం పంపించాడు. వాళ్ల నాయనేమో "ముప్పై దాటాక ఒళ్లు సహకరించకపోతే ఏం తింటావు?" అని అడుగుతున్నాడు. బాక్సర్లు ఆట మానేశాక నిజంగా ఏం చేస్తారండీ?
ఒక తల్లి, పుత్తూరు

జవాబు: అమ్మా, మీ ఇంటాయన అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. అయితే దానికి జవాబు ముప్పైలో వెతికితే దొరకదు. మీవాడికి పాతికేళ్ల వయసు వచ్చేలోపు ఏ కాగితాలు చేతికొస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

టీవీలో కనిపించే ప్రపంచ విజేతలను చూసి లెక్క వేయకండి. జార్జ్ ఫోర్‌మన్ 1977లో ఆట మానేసి హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు, పదేళ్లకు తిరిగొచ్చి 1994లో 45 ఏళ్ల వయసులో మళ్లీ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత తన పేరుతో అమ్ముడైన వంట గ్రిల్ మీద బాక్సింగ్‌లో కంటే ఎక్కువ సంపాదించాడు. విటాలీ క్లిచ్‌కో 2014 నుంచి కీవ్ మేయరు. ఇంకోవైపు, వందల కోట్లు గడించిన మైక్ టైసన్ 2003లో దివాలా పిటిషన్ వేశాడు. జో లూయీ పన్ను బాకీల్లో మునిగి, చివరికి లాస్ వేగస్ కాసినోలో వచ్చేవాళ్లను పలకరించే ఉద్యోగం చేశాడు. ఆ స్థాయి సంపాదన ఉన్నవాళ్లకే అలా జరిగింది.

మన దేశంలో లెక్క వేరు. విజేందర్ సింగ్ 2015లో ప్రొఫెషనల్‌గా మారేనాటికి ఆయనకు 29 ఏళ్లు. బీజింగ్ ఒలింపిక్ పతకం, హర్యానా పోలీసులో డీఎస్పీ ఉద్యోగం అప్పటికే ఉన్నాయి. ఉద్యోగంలో ఉంటూ ప్రొఫెషనల్‌గా ఆడవచ్చా అన్న విషయం హైకోర్టు దాకా వెళ్లింది కూడా. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల బంగారు పతక విజేత డింకో సింగ్ నౌకాదళంలో పనిచేసి, తర్వాత ఇంఫాల్‌లో కోచ్ అయ్యాడు. మన తెలుగమ్మాయి నిఖత్ జరీన్ ఇంకా ఆడుతుండగానే 2024లో తెలంగాణలో డీఎస్పీ అయింది. వీళ్లందరికీ నిలకడైన బతుకు ఇచ్చింది అమెచ్యూర్ పతకం, దానితో వచ్చిన ఉద్యోగం. జిల్లా, రాష్ట్రం, జాతీయ ఫెడరేషన్ వరుసలో ఆడేదే అమెచ్యూర్. ప్రమోటరు పెట్టే పోరాటాలు ఎన్ని గెలిచినా క్రీడా కోటాలో వాటికి ఒక్క మార్కు రాదు. మీవాడికి ముందు తెలియాల్సింది ఇదే.

రైల్వే క్రీడా కోటాను చూద్దాం. మన దగ్గర బాక్సర్లకు ఎక్కువగా అందుబాటులో ఉండే దారి అది. వయసు 18 నుంచి 25. మామూలు ఉద్యోగాల్లోలాగా ఏ వర్గానికీ సడలింపు ఉండదు. మొత్తం 100 మార్కుల్లో ట్రయల్స్‌కు 40, సాధించిన స్థానాలకు 50, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే మిగతావి చూడరు. అసలు మెలిక ఇక్కడుంది: పతకాలకు కాలపరిమితి ఉంది. నోటిఫికేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం, దాని ముందు రెండేళ్లు, అంతవరకే లెక్క. మీవాడికి 19లో వచ్చిన కాంస్యం 22 దాటేసరికి గోడమీద పటమే. మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టి 20లో వెళితే, బయటికొచ్చేసరికి 23. పాత పతకం చెల్లదు. కొత్తది తేవడానికి మిగిలేది రెండేళ్లు, అదీ మూడేళ్లు వేరే పద్ధతిలో ఆడి వచ్చాక.

రాష్ట్ర పతకానికి కింది స్థాయి పోస్టులే ఉంటాయి. జాతీయ పోటీల్లోనో, అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో మొదటి మూడు స్థానాల్లో ఉంటే పై స్థాయికి అర్హత వస్తుంది. అంటే మీవాడు ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీ విద్యార్థిగా ఉండటమే ఒక ఆస్తి. డిగ్రీ మానేసిన రోజే ఆ దారి మూసుకుపోతుంది. ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ యూనివర్సిటీ జట్టు ఎంపికకు వెళ్లమనండి. సికింద్రాబాద్, చెన్నై, హుబ్బళ్లి కేంద్రాలుగా ఉన్న మూడు జోన్ల నోటిఫికేషన్లనూ కనిపెట్టుకుని ఉండండి. అన్నింటిలో ప్రతిసారీ బాక్సింగ్ ఉండదు, ఉన్నా మీవాడి బరువులో ఖాళీ ఉండకపోవచ్చు. అందుకే ఒక్క జోన్ మీదే ఆశ పెట్టుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్ కూడా 2024లో తెచ్చిన కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది.

పోలీసు కానిస్టేబుల్ గురించి చాలామంది సలహా ఇస్తారు. మన రాష్ట్రంలో మగవాళ్లకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. మీవాడు 165. తక్కువ బరువుల్లో ఆడే పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, పరుగు ఎంత బాగున్నా సరే. సైన్యంలో మన ప్రాంతానికి 166 అడుగుతారు, అర్హత ఉన్న క్రీడాకారులకు 2 సెంటీమీటర్ల సడలింపు ఉంది కాబట్టి అక్కడ దారి తెరిచే ఉంది. అగ్నివీర్‌కు వయసు పరిమితి ఇరవైల మొదట్లోనే ముగుస్తుంది. అంటే నిర్ణయం ఈ ఏడాదే తీసుకోవాలి.

కాగితాల విషయంలో జాగ్రత్తగా ఉండండి, ఎక్కువమంది దెబ్బతినేది రింగులో కాదు, ఇక్కడే. కేంద్ర ఉద్యోగాలకు అసలు సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోదు, నిర్ణీత నమూనాలో సంతకం కావాలి. దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఫారం 2, యూనివర్సిటీ తరఫున ఫారం 3, జాతీయ పాఠశాల క్రీడలకు ఫారం 4. ఫారం 2 మీద రాష్ట్ర బాక్సింగ్ సంఘం కార్యదర్శి, ఫారం 3 మీద యూనివర్సిటీ క్రీడల డీన్ లేదా డైరెక్టరు సంతకం పెట్టాలి. పోటీ ముగిసిన వారంలోపు ఈ పని పూర్తి చేసుకోవాలి. తర్వాత కార్యదర్శి మారతాడు, సంఘంలో గొడవలొస్తాయి. 2012 డిసెంబరులో మన జాతీయ బాక్సింగ్ సంఘంపై వేటు పడ్డాక, 2016లో ఇప్పటి ఫెడరేషన్ ఏర్పడేదాకా నాలుగేళ్లు అంతా అయోమయంగానే గడిచింది. పదో తరగతి మెమోలో ఉన్న పేరే, అవే అక్షరాలతో, ఇంటిపేరుతో సహా ఉందో లేదో చూడండి. బరువు విభాగం, స్థానం, తేదీ రాసి ఉండాలి. "పాల్గొన్నాడు" అని మాత్రమే ఉంటే స్థానం వేసి మళ్లీ ఇమ్మని అప్పుడే అడగండి.

ఇక ఆట ఆగాక ఎక్కువమంది చేరేది శిక్షణ వైపు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు, ఏడాది డిప్లొమా ఉన్నాయి. ఆరు వారాలది జిమ్‌లోనో ప్రైవేటు స్కూల్లోనో పనికొస్తుంది. ప్రభుత్వ కోచ్ పోస్టుకు అడిగేది డిప్లొమానే, దానికి డిగ్రీ కావాలి. బీకాం పూర్తి చేయమనడానికి ఇది రెండో కారణం. స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయాలి. ఆ పరీక్షలో 100 మీటర్లు, 800 మీటర్లు, 6 కిలోల షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్ కలిపి 400 మార్కులు, ఒక ఆటలో నైపుణ్యానికి 100. ఆ ఆట కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ లాంటివాటిలో ఒకటి. బాక్సింగ్ మీద భరోసా పెట్టుకుని వెళ్లినవాళ్లు ఆ 100 మార్కుల దగ్గర తడబడతారు. షాట్‌పుట్ కూడా బాక్సర్లకు అలవాటు లేని పని. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి.

కోచ్ పని తనకు సరిపడుతుందో లేదో ఇప్పుడే తేల్చుకోవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు తన కోచ్ దగ్గరే పదేళ్ల పిల్లలకు నిలబడే తీరు, అడుగుల కదలిక నేర్పమనండి. మూడు నెలలు ఒకే విషయాన్ని రోజూ చెప్పే ఓపిక ఉందో లేదో తెలిసిపోతుంది. గొప్పగా ఆడేవాళ్లలో చాలామందికి అది ఉండదు, అందులో తప్పేమీ లేదు.

రిఫరీ, జడ్జి పరీక్షలు రాసుకోవచ్చు. పోటీ ఉన్న రోజులకే భత్యం, దాంతో ఇల్లు గడవదు.

సొంత క్లబ్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇళ్లస్థలం అమ్మి పెట్టుబడి పెట్టాలనే ఆలోచన ఏదో ఒక రోజు మీ ఇంట్లోకీ వస్తుంది. పోటీ రింగు తాళ్ల లోపల 6.10 మీటర్ల చదరం. కింద వేదిక 7.80 మీటర్లు, అంటే దాదాపు 655 చదరపు అడుగులు. వెయ్యి అడుగుల హాలు అద్దెకు తీసుకుంటే మూడింట రెండు వంతులు రింగే తినేస్తుంది, అందులో ఒకేసారి ఆడేది ఇద్దరు. కాబట్టి మొదట రింగు కొనొద్దు. నేలమీద మ్యాట్లు పరిచి 16 అడుగుల చదరం గీసుకుంటే చాలు. గుద్దులు సాధన చేసే 30 నుంచి 40 కిలోల సంచులు నాలుగైదు, సంచికీ సంచికీ మధ్య కనీసం ఆరడుగులు. వాటిని శ్లాబుకు ఫ్యాను కొక్కెం బిగించినట్టు వేలాడదీయకూడదు. ఊగే బరువుకు కొక్కెం ఊడి వస్తుంది. దూలానికి పట్టీ వేసి బిగించాలి. రేకుల షెడ్డు అద్దె తక్కువని తీసుకుంటే మన మే ఎండలకు ఉదయం ఏడున్నర తర్వాత పిల్లలు నిలబడలేరు. చేతి పట్టీలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, లేకపోతే నెలలో అందరికీ తామర అంటుకుంటుంది. నెలకు 700 చొప్పున 40 మంది అంటే 28,000 అని మురిసిపోకండి. పరీక్షల నెలల్లో పిల్లలు రారు, ఆదాయం తొమ్మిది నెలలకు, అద్దె పన్నెండు నెలలకు లెక్క వేయండి. స్కూళ్లలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే సమగ్ర శిక్షా పథకంలో మూడు నెలలపాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తారు. మూడు నాలుగు స్కూళ్లు కలిస్తే క్లబ్‌కు అది ఊతం.

కేంద్రం ఇచ్చే పింఛను గురించి కూడా అడుగుతుంటారు. నెలకు 12,000 నుంచి 20,000 దాకా ఉంటుంది, ఆట మానేసి 30 ఏళ్లు దాటాక మొదలవుతుంది. కానీ అది ఒలింపిక్, ప్రపంచ, ఆసియా, కామన్వెల్త్ పతకాలకే. రాష్ట్ర, జాతీయ పతకాలకు రాదు. వాటికి పనికొచ్చేది 2024 ఆగస్టు 29న మొదలైన రీసెట్ కార్యక్రమం. ఆట మానేసిన 20 నుంచి 50 ఏళ్ల వాళ్లకు శిక్షణ, ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. రాష్ట్ర పతకం ఉన్నవాళ్లూ అర్హులే.

ఇక ఒంటి ఆరోగ్యం మాట. తలకు తగిలిన దెబ్బల ఫలితం ఆట మానేసిన ఏళ్ల తర్వాత బయటపడొచ్చు: మతిమరుపు, మాట తడబాటు, కారణం లేని కోపం. బాక్సర్లలో దీన్ని 1928లోనే వైద్యులు వర్ణించారు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపును ఆపదు. తలదెబ్బతో పోరు ఆగిపోతే అమెచ్యూర్ నియమాల్లో కనీసం 30 రోజులు, మూడు నెలల్లో రెండుసార్లు జరిగితే 90 రోజులు, ఏడాదిలో మూడుసార్లయితే ఏడాది ఆట నిలిపేస్తారు. సాధనలో తగిలినదానికి ఎవరూ లెక్క రాయరు, ఎక్కువ దెబ్బలు తగిలేది మాత్రం అక్కడే. ఆ నియమాన్ని మీ ఇంట్లో మీరే అమలు చేయండి, తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. అనుమానం వస్తే తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ఇంకొకటి, మీది పుత్తూరు కాబట్టి చెప్పక తప్పదు. చేయి బెణికిందని నేరుగా ఎముకల కట్టు కట్టే నాటువైద్యుల దగ్గరికి తీసుకెళ్లకండి. మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక చిట్లితే మొదటి ఎక్స్‌రేలోనే కనిపించకపోవచ్చు. దానికి రక్తప్రసరణ తక్కువ, సరిగ్గా అతకకపోతే మణికట్టు నొప్పి, పట్టు తగ్గడం ఏళ్లతరబడి వేధించొచ్చు. నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించండి.

చివరగా ఆ ఒప్పందం. ఇప్పుడు సంతకం వద్దు. డిగ్రీ పూర్తయ్యాక, కనీసం ఒక్కసారి యూనివర్సిటీ జట్టులోనో జాతీయ పోటీలోనో ఆడాక చూద్దాం. అప్పటికీ ప్రొఫెషనల్ కావాలనే కోరిక ఉంటే అది తప్పు కాదు, మనస్ఫూర్తిగా పంపండి. ఆ రోజు కాగితంలో ఇవి వెతకండి: ఏడాదికి కనీసం ఎన్ని పోరాటాలు ఇస్తామని రాశారు, గాయమైతే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఆ గాయపు నెలలను ఒప్పందం చివర కలుపుతారా, మేనేజరు వాటా ఎంత, శిక్షకుడి వాటా ఎంత. విదేశాల్లో మేనేజరుకు మూడో వంతు దాకా, శిక్షకుడికి పదో వంతు పోవడం వాడుక. ప్రయాణం, బస ఖర్చులు వాటాలు పంచకముందు కోస్తారా, పంచాక కోస్తారా అన్నది ఇంకా ముఖ్యం, పంచాక బాక్సరు వాటాలోంచే కోస్తే చేతికి వచ్చేది సగం కూడా ఉండకపోవచ్చు. కాగితం ఇంగ్లీషులో ఉంటే సంతకానికి ముందు ఒక లాయరు చేత ప్రతి షరతునూ తెలుగులో చెప్పించుకోండి, మీవాడిని పక్కనే కూర్చోబెట్టుకుని.