మీల్ మేకర్ ఆమెకు పనిచేసింది, నాకెందుకు పనిచేయలేదు?

ప్రశ్న: నా వయసు 51. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. రాత్రుళ్లు ఒంట్లోంచి వేడి ఆవిర్లు వచ్చి చెమటతో తడిసిపోతున్నాను. సోయా మంచిదంటే కొన్ని నెలలుగా మీల్ మేకర్ తింటున్నాను. మా తోడికోడలికి ఉపశమనం కలిగింది, నాకు మాత్రం లేదు. సోయాను మార్చే కొత్త బ్యాక్టీరియాను మనుషుల పేగుల్లో గుర్తించారని చదివాను. అవి నాలో ఉన్నాయో లేదో పరీక్ష చేయించుకోవాలా? ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను.

సమాధానం: మీరు చదివింది నిజమే. సోయాలోని డైడ్జీన్ అనే పదార్థాన్ని పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియా ఈక్వాల్‌గా మారుస్తాయి. ఈక్వాల్ నిర్మాణంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పోలి ఉంటుంది కాబట్టి, దానిలా కొంతమేర పనిచేయగలదు. అయితే ఈ బ్యాక్టీరియా అందరిలోనూ ఉండవు. పాశ్చాత్య దేశాల్లో సుమారు 20 నుంచి 30 శాతం మంది, జపాన్‌లో దాదాపు సగం మంది మాత్రమే ఈక్వాల్‌ను తయారు చేసుకోగలుగుతున్నారు. ఒకే ఇంట్లో ఒకే కూర తిన్నా మీ ఇద్దరికీ తేడా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇలాంటి బ్యాక్టీరియాను గుర్తించడం ఎంతో ఓపికతో కూడిన పని. వీటిలో చాలావాటికి గాలి తగిలితే ప్రాణహాని కనుక, మల నమూనాను ఆక్సిజన్ లేని పెట్టెలోనే ఉంచి, డైడ్జీన్ కలిపి, ఈక్వాల్ తయారవుతోందో లేదో చూస్తారు. తయారైతే ఆ నమూనాను పదే పదే పలుచన చేస్తూ, ఆ పని చేస్తున్న ఒక్క రకాన్ని విడదీసి పెంచుతారు. తర్వాత బ్యాక్టీరియా జాతిని గుర్తించడానికి వాడే దాని 16ఎస్ జన్యువును తెలిసిన జాతులతో పోలుస్తారు. పోలిక సుమారు 98.7 శాతం కంటే తక్కువగా ఉంటే అది కొత్త జాతి అనడానికి బలమైన ఆధారం. అప్పుడు కూడా సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల సూక్ష్మజీవుల భాండాగారాల్లో భద్రపరిస్తేనే పేరుకు అధికారిక గుర్తింపు లభిస్తుంది. జపాన్ పరిశోధకులు 2008లో వర్ణించిన ‘అడ్లర్‌క్రూట్జియా ఈక్వాలిఫేసియెన్స్’ ఇలా వెలుగులోకి వచ్చిందే. మొక్కల్లోని ఈస్ట్రోజెన్ వంటి పదార్థాలపై విశేష కృషి చేసిన ఫిన్లాండ్ శాస్త్రవేత్త హెర్మన్ అడ్లర్‌క్రూట్జ్ పేరు దానికి పెట్టారు.

ఇక మీ ప్రశ్నకు వస్తే, పరీక్ష అవసరం లేదని నా అభిప్రాయం. మీలో ఆ బ్యాక్టీరియా ఉన్నాయని తేలినా, లేవని తేలినా మీ చికిత్స మారదు. ఈక్వాల్ తయారయ్యేవారిలో సైతం ఆవిర్లు తప్పక తగ్గుతాయని అధ్యయనాలు ఏకగ్రీవంగా చెప్పడం లేదు. పైగా ఆవిర్లు కాలక్రమంలో వాటంతట అవే తగ్గవచ్చు కనుక, మీ తోడికోడలికి కలిగిన ఉపశమనం సోయా వల్లనేనని కూడా ఖాయంగా చెప్పలేం. మీల్ మేకర్ మంచి మాంసకృత్తులున్న ఆహారం. ఇష్టమైతే తినండి, మందుగా భావించి బలవంతంగా తినకండి.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తున్నది మీ థైరాయిడ్ మాత్ర. సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడుతుంది కాబట్టి, మాత్రను పరగడుపున వేసుకుని, సోయా వంటకాలను మధ్యాహ్నానికో రాత్రికో మార్చుకోండి. మందు మోతాదు ఎక్కువైనా చెమటలు, గుండెదడ, వేడి ఓర్చుకోలేకపోవడం కనిపిస్తాయి. అందువల్ల ముందుగా థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. అది సరిగ్గా ఉండి కూడా నిద్ర చెడుతుంటే స్త్రీ వైద్య నిపుణురాలిని కలవండి. హార్మోన్లతోనూ, హార్మోన్లు లేకుండానూ మంచి చికిత్సలున్నాయి. రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉంటే ముందే చెప్పండి, సోయా సారం మాత్రలు సొంతంగా కొనకండి. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తస్రావం కనిపిస్తే మాత్రం, అది చుక్కంతే అయినా, ఆలస్యం చేయకుండా చూపించుకోండి.