నెల తప్పకముందే

చీపురుపల్లి

అమ్ములుకి చిన్నమ్మ ఆశీస్సులు.

పిల్లల కోసం అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో, భయంతో రాత్రి నిద్ర పట్టలేదు. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే ఈ నార్కోలెప్సీ జబ్బు మనిషికి నిద్ర పట్టకపోవడమేంటని నవ్వకు. మన రాత్రి నిద్రలన్నీ ముక్కలేగా.

ఐరన్ మాత్రలు, స్కానింగులు డాక్టరమ్మ చూసుకుంటుంది. పగలు నిద్ర రాకుండా నువ్వు వేసుకునే మొడాఫినిల్ సంగతి మాత్రం ఇప్పుడే న్యూరాలజిస్టుతో మాట్లాడు. బిడ్డకి లోపాలు రావచ్చని 2019 నుంచి కొన్ని దేశాల్లో గర్భిణులకు వద్దంటున్నారు. పైగా అది వాడినన్నాళ్లూ, ఆపాక రెండు నెలల దాకా, గర్భం రాకుండా మింగే మాత్రల్ని నమ్మలేం.

అలాగని నీ అంతట నువ్వు ఏదీ ఆపకు. ఈ జబ్బు వల్ల నవ్వితే ఒళ్లు పట్టు తప్పి జారిపోకుండా నాకు అప్పట్లో ఇమిప్రమిన్ ఇచ్చేవారు. నెల తప్పిందని తెలియగానే మా అత్తగారు "కడుపుతో ఉన్నదానికి మందులేటే" అని ఆ రోజే మాన్పించేసింది. ఆవిడ భయం ఆవిడది. ఎప్పుడో ఒకసారి వదులయ్యే మోకాళ్లు ఆ తర్వాత రోజూ జారిపోవడమే. ఓసారి నూతి దగ్గర ఆడపడుచు ఏదో అంది. నవ్వు ఆపుకోలేక గట్టు పక్కనే కూలబడ్డాను. మూర్ఛనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టారు, మొహాన నీళ్లు కొట్టారు, గాలి సోకిందన్నారు. అన్నీ వినిపిస్తున్నాయి, వేలు కదపలేను. కడుపు నేలకి తగిలిందా అన్నదొక్కటే ఆలోచన. పెద్దాడు క్షేమంగానే పుట్టాడులే. అలాంటి మందు తగ్గించాలన్నా కొద్దికొద్దిగా దించాలని, ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబడుతుందని తర్వాత విశాఖ డాక్టరు చెప్పాడు.

అత్తవారికి ఇంకా చెప్పలేదట! బద్ధకమంటారని సిగ్గా? మెదడులో మెలకువను నిలిపే హైపోక్రెటిన్ అనే పదార్థం తయారుచేసే కణాలు పోతే వచ్చే జబ్బిది. దీనికి సిగ్గెందుకే? కాన్పప్పుడు మత్తు డాక్టరుకీ చెప్పాలి. ఈ జబ్బుందని ఆపరేషనే చేయాలనేం లేదు.

నా భయమంతా బిడ్డ పుట్టాకే. కుర్చీలో, సోఫాలో కూర్చుని పాలివ్వకు. నేల మీద గట్టి పరుపు, దిళ్లూ దుప్పట్లూ దూరంగా, పక్కన మెలకువగా ఒకరు. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం మీ అమ్మ పని. బారసాలనాడు అందరూ నవ్విస్తారు, అప్పుడు బిడ్డ నీ చేతుల్లో ఉండకూడదు. రాత్రి ఒకసారైనా పిండి దాచిన పాలు మీ ఆయన పట్టాలి. పగలు బిడ్డ పడుకోగానే గిన్నెలు వదిలేసి ఇరవై నిమిషాలు నువ్వూ పడుకో. పాలిస్తున్నానని చెప్పకుండా ఏ మందూ మళ్లీ మొదలుపెట్టకు.

బిడ్డకీ వస్తుందేమోనని అడిగావట. ఈ జబ్బున్నవాళ్ల పిల్లల్లో నూటికి ఒకరిద్దరికే వస్తుంది. నా పిల్లలకి రాలేదు. నీకు నా పోలిక వచ్చిందని మీ అమ్మ ఇప్పటికీ నన్నే తిడుతుంది.

పురిటికి వచ్చేటప్పుడు ఆమదాలవలసలో రైలెక్కి రా. స్కూటీ తాళం ఈలోపే మీ ఆయనకి ఇచ్చెయ్యి.

మీ చిన్నమ్మ