న్యూయార్క్ పేరు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు న్యూజెర్సీలో ఎందుకు ఆడుతుంది? ఆ స్టేడియం వల్ల హారిసన్‌కు ఏం ఒరిగింది?

జట్టు న్యూయార్క్ రెడ్ బుల్స్, ఆడేది మనం ఫుట్‌బాల్ అనే సాకర్, స్టేడియం ఉన్నది న్యూజెర్సీలోని హారిసన్ పట్టణంలో. "నదికి అవతల కట్టారు కాబట్టే న్యూయార్క్ వాళ్ళు రారు" అని ఒక మాట వినపడుతుంది. ముందు ఏ నదో తేల్చుకుందాం. మన్‌హటన్ నుంచి వస్తే హడ్సన్ దాటాలి, జెర్సీ సిటీ పోయాక హ్యాకెన్‌సాక్ కూడా దాటాలి. న్యూవర్క్ నుంచి వస్తే దాటాల్సింది పసేయిక్. వాదనలన్నీ హడ్సన్ చుట్టూ తిరుగుతాయి గానీ, స్టేడియం మంచిచెడ్డలు చాలావరకు పసేయిక్ ఒడ్డునే తేలాయి.

పేరు సంగతి. 1996లో అమెరికా లీగ్ మొదలైనప్పుడు ఈ జట్టు పేరు న్యూయార్క్/న్యూజెర్సీ మెట్రోస్టార్స్. రెండేళ్ళకే రాష్ట్రాల పేర్లు రెండూ తీసేసి ఉత్త మెట్రోస్టార్స్ అన్నారు. 2006లో రెడ్ బుల్ కంపెనీ కొనుక్కున్నాక న్యూయార్క్ ఒక్కటే తిరిగొచ్చింది. ఆడేది జెర్సీ గడ్డ మీద, పేరు అవతలి ఒడ్డుది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు చేశారని జెర్సీ అభిమానులకు ఇప్పటికీ గుర్రుగానే ఉంటుంది. పాతవాళ్ళు నేటికీ 'మెట్రో' అనే అంటారు. ఇది ఈ ఒక్క జట్టు కథ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు జెయింట్స్, జెట్స్ రెండూ న్యూయార్క్ పేరుతో న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫోర్డ్‌లోనే ఆడతాయి. బాస్కెట్‌బాల్ జట్టు న్యూజెర్సీ నెట్స్ 2012లో బ్రూక్లిన్‌కు వెళ్ళి పేరే మార్చుకుంది. జెర్సీ పేరు నిలబెట్టుకున్నది ఐస్ హాకీ జట్టు డెవిల్స్. 2026 ప్రపంచ కప్ ఫైనల్ స్టేడియానికి టోర్నీ కోసం 'న్యూయార్క్ న్యూజెర్సీ' అని రెండు పేర్లూ తగిలించారంటే ఈ పేచీ ఎంత పాతదో చూడండి.

ఇక హారిసన్ ఎందుకంటే, 2009 దాకా ఈ జట్టు జెయింట్స్ స్టేడియంలో ఆడేది. సుమారు 80,000 మంది పట్టే గిన్నెలో 15,000 మంది కూర్చుంటే పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా ఉండేది. పైగా అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు కనపడే కృత్రిమ పచ్చిక. అద్దెకున్న చోట పార్కింగు, తిండి అమ్మకాల మీద వచ్చే డబ్బులో పెద్ద వాటా ఇంటివాడికే పోతుంది. సొంత స్టేడియం కావాలన్న పట్టుదల వెనక ఆట కంటే ఈ లెక్కే ముఖ్యం.

హారిసన్‌కు కలిసొచ్చినవి రెండు. మొదటిది, ఖాళీ పడిన ఫ్యాక్టరీ నేల. ఒకప్పుడు ఓటిస్ లిఫ్టులు, వర్తింగ్టన్ పంపులు, ఆర్‌సీఏ రేడియో ట్యూబులు తయారైన ఊరు అది. రెండోది, న్యూవర్క్ నుంచి మన్‌హటన్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళే పాత్ (PATH) రైలు స్టేషన్. ఆటకు కూడా అది కొత్త చోటేమీ కాదు. ఆనుకునే ఉన్న కెర్నీలో క్లార్క్ దారం మిల్లు కోసం వచ్చిన స్కాట్లాండ్ కార్మికులు 19వ శతాబ్దంలోనే జట్టు కట్టారు. ఓఎన్‌టీ అనే ఆ జట్టు 1885లో మొట్టమొదటి అమెరికన్ కప్ గెలిచింది. 1990 ప్రపంచ కప్‌లో అమెరికా తరఫున ఆడిన జాన్ హార్క్స్, టోనీ మియోలా, టాబ్ రామోస్ ముగ్గురూ కెర్నీ చుట్టుపక్కల పెరిగినవాళ్ళే. "ఎక్కడో మారుమూల కట్టారు" అనే న్యూయార్క్ వాళ్ళకు జెర్సీవాళ్ళు ముందు చెప్పే జవాబు ఇదే.

డబ్బు దగ్గర మాత్రం చిక్కులొచ్చాయి. 2006లో పనులు మొదలయ్యాయి, 2010 మార్చి 20న బ్రెజిల్ జట్టు శాంతోస్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌తో తెరిచారు. భూమి సేకరణకు పట్టణం బాండ్లు అమ్మి అప్పు చేసింది. చుట్టూ అపార్టుమెంట్లు, హోటళ్ళు, దుకాణాలు లేచి వాటి మీద వచ్చే రాబడితో ఆ అప్పు తీరుతుందన్నది ప్లాను. 2008 మాంద్యంలో ఆ కట్టడాలు ఆగాయి, వడ్డీ ఆగలేదు. స్టేడియం మొదటి కొన్నేళ్ళు ఖాళీ స్థలాల నడుమ ఒంటరిగా నిలబడింది. దీనికి తోడు ఆస్తి పన్ను తగాదా. భూమి ప్రభుత్వ సంస్థది కాబట్టి మినహాయింపు ఉండాలని క్లబ్బు, లోపల నడిచేది ప్రైవేటు వ్యాపారం కాబట్టి కట్టాల్సిందేనని పట్టణం. వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది. ఇలాంటి ఒప్పందాలు ఎక్కడ రాసుకున్నా, పన్ను ఎవరు కట్టాలి, ఏ ఏడాది నుంచి, ఎంత అన్నది లీజు కాగితంలోనే ఉండాలి. తర్వాత చూసుకుందాంలే అంటే లాయర్లే బాగుపడతారు.

మరి ఊరు పెరగలేదా? పెరిగింది. 2010 జనగణనలో 13,620 మంది, 2020లో 19,450. దీన్ని స్టేడియం ఖాతాలో వేసేవాళ్ళున్నారు, నేను వెయ్యను. లీగ్‌లో ఒక జట్టుకు ఏడాదికి సొంత మైదానంలో వచ్చేవి 17 మ్యాచ్‌లు. ఇక్కడే ఆడే గోథమ్ మహిళల జట్టు మ్యాచ్‌లు, మిగతా టోర్నీలు కలిపినా ఏడాదిలో చాలా రోజులు గేటు మూసే ఉంటుంది. తర్వాత లేచిన ఫ్లాట్లలో చేరినవాళ్ళు చేరింది మన్‌హటన్ ఉద్యోగానికి పాత్ రైలు దగ్గరని. ఇంకో మెలిక ఉంది. న్యూజెర్సీలో దీర్ఘకాలిక పన్ను మినహాయింపు తీసుకున్న కొత్త భవనాలు మామూలు ఆస్తి పన్నుకు బదులు ఒక రుసుము కడతాయి. అందులో 95 శాతం పట్టణానికి, 5 శాతం కౌంటీకి. స్కూళ్ళకు వాటా ఇచ్చి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ఇళ్ళు పెరిగాయంటే బడికి డబ్బు పెరిగిందని అర్థం కాదు.

ఇప్పుడు మొదట్లో అనుకున్న అసలు మాట, నదికి అవతలివాళ్ళ చూపు. వంతెనలు, సొరంగాలు దాటి వచ్చేవాళ్ళని జెర్సీవాళ్ళను ఎత్తిపొడవడం మన్‌హటన్‌లో పాత అలవాటు. గడియారం పెట్టి చూస్తే వరల్డ్ ట్రేడ్ సెంటర్ నుంచి హారిసన్‌కు పాత్‌లో 20 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. మన్‌హటన్‌లోని గ్రాండ్ సెంట్రల్ నుంచి, న్యూయార్క్ నగరంలోనే భాగమైన క్వీన్స్‌లోని విలెట్స్ పాయింట్‌కు 7వ నంబరు రైలులో అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా క్వీన్స్ 'ఊళ్ళో' ఉన్నట్టు, హారిసన్ 'పొరుగూళ్ళో' ఉన్నట్టు. 2015లో అదే లీగ్‌లోని ఇంకో జట్టు న్యూయార్క్ సిటీ ఎఫ్‌సీ నగరంలోని యాంకీ స్టేడియంలో ఆడటం మొదలుపెట్టినప్పుడు ఈ భావాన్నే జెండాగా ఎత్తుకుంది. బేస్‌బాల్ మైదానంలో ఇరుక్కున్న పిచ్ మీద ఆడుతూ కూడా అసలు న్యూయార్క్ మేమేనన్నారు. మైదానం దొరకనప్పుడు ఆ జట్టే 2020లో కొన్ని సొంత మ్యాచ్‌లను హారిసన్‌కు తెచ్చుకోవాల్సి వచ్చింది. దాన్ని రెడ్ బుల్స్ అభిమానులు మర్చిపోరు, మర్చిపోనివ్వరు కూడా. 2016 మే 21న యాంకీ స్టేడియంలోనే రెడ్ బుల్స్ 7–0తో గెలిచిన మ్యాచ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. విలెట్స్ పాయింట్‌లో 25,000 సీట్లతో ఆ జట్టు కడుతున్న స్టేడియం 2027లో తెరవాలన్నది ప్లాను. అంటే ఇంచుమించు హారిసన్ స్టేడియం అంతే.

పసేయిక్ అవతల న్యూవర్క్ వైపు చూపు వేరు. అక్కడి ఐరన్‌బౌండ్ పేటలో పోర్చుగీసు, బ్రెజిల్ కుటుంబాలు ఎక్కువ. ఆట వాళ్ళ రక్తంలోనే ఉంది. మ్యాచ్‌కు ముందు ఫెర్రీ స్ట్రీట్‌లో తిని, జాక్సన్ స్ట్రీట్ వంతెన మీదుగా నడిచి రావడం అభిమానుల్లో చాలామందికి ఆనవాయితీ. క్లబ్బు హడ్సన్ అవతల పోస్టర్ల మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ వంతెన మీద పెట్టినా బాగుండేదని నా అభిప్రాయం.

ఎడిసన్, ఇసెలిన్ వైపు మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి దారి కూడా చెప్తాను. నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలెక్కి న్యూవర్క్ పెన్ స్టేషన్‌లో దిగండి. న్యూయార్క్ పెన్ స్టేషన్ కాదు. రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి, తరచూ పొరపాటు జరిగేది ఇక్కడే. న్యూవర్క్ బ్రాడ్ స్ట్రీట్ ఇంకో స్టేషన్, అదీ కాదు. దిగకుండా కూర్చుంటే కిటికీలోంచి స్టేడియం కనపడుతుంది గానీ ఆ రైలు హారిసన్‌లో ఆగదు, సికాకస్ వైపు తీసుకుపోతుంది. న్యూవర్క్ పెన్‌లో పాత్ ఎక్కితే హారిసన్ తర్వాతి స్టేషనే. టికెట్టు మాత్రం వేరు. మీరొచ్చిన రైలు (ఎన్‌జే ట్రాన్సిట్) టికెట్టు, న్యూయార్క్ సబ్‌వే ఓమ్నీ కార్డు పాత్ గేటు దగ్గర పనికిరావు. బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు. మన్‌హటన్ 33వ వీధి నుంచి వచ్చేవాళ్ళు జర్నల్ స్క్వేర్‌లో రైలు మారాలి. శని, ఆదివారాల్లో రైళ్ళ దారి ముందే చూసుకుని, ఇంకో పావుగంట చేతిలో ఉంచుకోండి.

సీటు విషయంలో ఒక మాట. పైకప్పు కుర్చీలన్నిటినీ కప్పుతుంది గానీ గాలివానలో ముందు వరుసలు తడుస్తాయి. మధ్యాహ్నం మ్యాచ్ అయితే తూర్పు స్టాండులో ఎండ కళ్ళలో కొడుతుంది, పిల్లలతో వెళ్తే పడమటి వైపు తీసుకోండి. దక్షిణం గోలు వెనక సౌత్ వార్డ్ అనే చోట మ్యాచంతా నిలబడే ఉంటారు. కూర్చుని చూద్దామనుకుంటే అక్కడ టికెట్టు కొనకండి.

తిరుగు ప్రయాణంలో, చివరి విజిల్ పడగానే అందరూ హారిసన్ స్టేషన్ వైపే పోతారు. 2018, 2019ల్లో కొత్త ప్రవేశ ద్వారాలు తెరిచాక పాత ఇరుకు మెట్ల బాధ తగ్గింది, క్యూ మాత్రం ఉంటుంది. ఎడిసన్ వైపు వెళ్ళేవాళ్ళు ఆ క్యూలో నిలబడక్కర్లేదు. జాక్సన్ స్ట్రీట్ వంతెన దాటి న్యూవర్క్ పెన్‌కు నడవండి, 20–25 నిమిషాలు. జెర్సీ సిటీ వెళ్ళేవాళ్ళకు కూడా ఇదే మేలు. పాత్ రైలు బయల్దేరేది న్యూవర్క్ నుంచే కాబట్టి అక్కడ ఎక్కితే సీటు దొరుకుతుంది.